లడ్డూ ధర, నల్లా ధర

మాది బాలాపూర్ అని చెప్పగానే ఎవరైనా మొట్టమొదట అడిగేది ఒకటే, "ఈసారి లడ్డూ ఎంతకి పోయిందండీ?" అని. మా ఆరోగ్యాలూ, పిల్లల చదువులూ ఆ తర్వాతే! నేనూ ఓపిగ్గా చెబుతూనే ఉంటాను. 1994 లో మొదటిసారి వేలం వేసినప్పుడు 450 రూపాయలు పలికిన మా వినాయకుడి లడ్డూ 2025 లో 35 లక్షలు పలికింది. ధరదేముంది గానీ, నాకు నచ్చేది ఆ పాట పాడే తీరు. నిమజ్జనం రోజు పొద్దున ఊరంతా మూగి చూస్తుండగా ఒకళ్ల మీద ఒకళ్లు పెంచుకుంటూ పోతారు. ఎవరు పెంచారో, ఎక్కడ ఆగిందో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు.

ఆ నిమజ్జనం అయిన వారానికే మా పై పోర్షన్ అమ్మాయి కిరాయి ఇవ్వడానికి దిగివచ్చి, నోట్లు లెక్కపెడుతూ, "అక్కా, నీళ్లకు నెలకు మూడొందలు ఇస్తున్నం గదా, అది ఎవరు పెట్టిన రేటు?" అంది.

అడగడంలో పెడసరం ఏమీ లేదు. వాళ్ల చెల్లెలు సిటీలో ఉంటుందట. వాళ్లకి నీళ్ల బిల్లే రాదట. నిజమే. 2021 జనవరిలో నగరపాలక సంస్థ హద్దు లోపలి ఇళ్లకి నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్నారు. మాది అప్పటికింకా ఆ హద్దు బయట. గీతకి అటువైపు పడినవాళ్లకి సున్నా, ఇటువైపు పడినవాళ్లకి బిల్లు. "అదంతా గవర్నమెంటు వాళ్లు పెట్టేదమ్మా!" అని పంపించేశాను. పంపించానే గానీ ఆ ప్రశ్న మాత్రం మా గడపలోనే కూర్చుంది.

అసలు నీళ్ల ధర ఎవరు పెడతారు? కూరగాయల బండి అబ్బాయితో అయితే కొసరు మిరపకాయల కోసం పావుగంట బేరమాడతాను. నచ్చకపోతే ఇంకో బండి వస్తుంది. నల్లాతో ఏం బేరమాడతాం! దానికి రెండో దుకాణం లేదు. ఉన్నదల్లా ట్యాంకరు. బోరు ఎండిపోయిన ఏప్రిల్ నెలలో ట్యాంకరు వాడు చెప్పిందే ధర.

హైదరాబాదు జలమండలి 1989 లో చట్టం చేసి పెట్టిన సంస్థ. రేటు జలమండలి రాస్తుంది, ప్రభుత్వం సరే అంటుంది. 2011 చివర్లో పెట్టిన రేట్లలో మొదటి మెట్టు వెయ్యి లీటర్లకి పది రూపాయలు. వాడకం పెరిగేకొద్దీ మెట్లెక్కుతూ పోతుంది. మా ఆడపడుచు ఇంట్లో పాత బిల్లులు తిరగేస్తే కింద ఇంకో వరస కనిపించింది. నీళ్ల ఖరీదు మీద 35 శాతం మురుగు సెస్సు. తాగిన నీళ్లకే కాదు, పారబోసిన నీళ్లకీ ఇచ్చుకోవాలి! అంట్లు తోమిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఏనాడూ ఆలోచించని నాకు అదొక్కటీ న్యాయంగానే తోచింది. మోరీ పొంగితే ఇంటిల్లిపాదికీ తెలిసొస్తుంది కదా.

ఈ మెట్ల లెక్కే నాకు మింగుడుపడదు. ఎక్కువ వాడితే కలిగిన ఇల్లనుకున్నట్టున్నారు. మూడు కుటుంబాలు ఒకే మీటరు కింద ఉంటే? పొదుపుగా వాడుకున్నా పై మెట్టు మీదే కూర్చుంటాం.

మా అక్క కూతురు ఇంగ్లండులో కాపురం ఉంటోంది. ఫోనులో ఈ గొడవంతా వెళ్లబోసుకుంటే, "చిన్నమ్మా, మాకిక్కడ దానికో ఆఫీసే ఉంది" అంది. అక్కడ 1989 లోనే, మన జలమండలి పుట్టిన ఏడాదే, నీళ్లూ మురుగూ ప్రైవేటు కంపెనీలకి ఇచ్చేశారట. ఒక్కో ఊరికి ఒక్కటే కంపెనీ. ఇష్టం వచ్చినట్టు పెంచేయకుండా వాళ్ల నెత్తిన ఆఫ్‌వాట్ అని ఒక సంస్థని కూర్చోబెట్టారు. అయిదేళ్లకోసారి కంపెనీలు ఇన్ని గొట్టాలు మారుస్తాం, మురుగు శుద్ధికి ఇంత, అప్పులకి వడ్డీ ఇంత అని పద్దు రాసి తెస్తాయి. కొత్త కోడలు పండగ సామాను చీటీ తెస్తే అత్తగారు కళ్లజోడు సవరించుకుని "రెండు కిలోల జీడిపప్పు ఎందుకే?" అని కొట్టేసినట్టు, ఆ ఆఫీసు ఒక్కొక్కటీ కొట్టేసి, బజారు ధరలు పెరిగినంత పెంచుకోండి, దానిమీద ఇంత కలుపుకోండి లేదా ఇంత తగ్గించుకోండి అని గిరి గీసేది. అయిదేళ్లలో మిగిల్చుకున్నది కంపెనీది. మళ్లీ పద్దు తెచ్చినప్పుడు మాత్రం ఆ మిగులు చూసే గిరి కిందికి జరుపుతారు. 1999 లో అలా చూసే, మరుసటేడు బిల్లులు సగటున 12 శాతం దాకా తగ్గించమన్నారు!

"అయితే మీరు అదృష్టవంతులే" అన్నాను.

"ఎక్కడి అదృష్టం! మురుగు నదుల్లోకి వదులుతున్నారని జనం మండిపడ్డారు. 2024 డిసెంబరులో అదే ఆఫీసు, 2030 నాటికి బిల్లులు బజారు ధరల పెరుగుదల కాకుండానే సగటున 36 శాతం పెంచుకోనిచ్చింది. 2025 జులైలో ఆ ఆఫీసునే తీసేసి కొత్తది పెడతామని ప్రభుత్వం ప్రకటించింది" అంది. చీటీ బాగా చూడలేదని అత్తగారినే మార్చేస్తున్నారన్నమాట!

మన దగ్గరా కరెంటుకి అలాంటి కమిషన్ ఉంది. కొత్త చార్జీల ప్రతిపాదనలు పేపర్లో వేసి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. బహిరంగ విచారణ పెడతారు. రేటు తగ్గుతుందో లేదో గానీ, ఎందుకు పెంచుతున్నారో కుర్చీలో కూర్చుని చెప్పక తప్పదు. నీళ్లకీ అలా ఎందుకుండకూడదు అని మా వారి దగ్గర అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన పేపరు దించకుండానే, "మరి పైవాళ్ల మూడొందలూ ఏ విచారణలో పెట్టావు?" అన్నారు.

నోట మాట రాలేదు నాకు. ఒక వేసవిలో బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించినప్పుడు పోర్షనుకి మూడు వందలని నేనే అన్నాను. వానలు పడ్డాయి, ట్యాంకర్లు ఆగిపోయాయి, మూడు వందలు మాత్రం ఆగలేదు. బీరువాలోంచి ఆ నెల బిల్లు తీసి చూద్దును కదా, 638 రూపాయలు! పైవాళ్ల దగ్గర వసూలు చేసింది ఆరు వందలు. అంటే మా నలుగురం నెలంతా 38 రూపాయలతో స్నానాలూ, వంటలూ, వాషింగ్ మెషీనూ కానిచ్చేశామన్నమాట. ఆ రెండు పోర్షన్లకీ రెండో దుకాణం లేదు. వాళ్ల జలమండలిని నేనే. నా నెత్తిన ఏ ఆఫీసూ లేదు.

రాత్రంతా నిద్రపట్టలేదంటే నమ్మరు. మర్నాడు సాయంత్రం అందరినీ మెట్ల దగ్గరికి పిలిచి బిల్లు చదివాను. ఎక్కువ తీసుకున్నది రాబోయే కిరాయిల్లో తగ్గిస్తానన్నాను. మొత్తం పదకొండు మందిమి, తలకి 58 రూపాయలు. మాకు 232, ఆ నలుగురికి 232, ముగ్గురికి 174. పెన్సిలు పక్కన పెట్టి హమ్మయ్య అనుకుంటున్నాను.

"అక్కా, ఏమనుకోకు" అంది ఆ అమ్మాయి, "బట్టల మెషీను మీకొక్కరికే ఉండె. మీ లెక్కల ఇంకో తల కలపాలె గదా?"

"ఇంకో తల ఎందుకే, అర తల కలుపుతాను" అన్నాను.

"ఒక తల" అంది రెండో పోర్షన్ ఆవిడ.

లోపలినుంచి, పేపరు వెనకాల నుంచి మా వారి గొంతు ఖంగుమంది. "ఒక తల, ఒకటోసారి... ఒక తల, రెండోసారి..."