అమ్మ గదిలోని దీపము

మా అమ్మ చిత్తూరులో ఒంటరిగా కాపురమున్నది. ఎనుబదియేండ్లు దాటినను బెంగుళూరులోని మా యింటికి రానన్నది. రాత్రివేళ లేచి చీకటిలో పడిపోవునేమోయని భయపడి, ఆమె గదిలో ఒక దీపము పెట్టించితిని. శరీరపు వేడిమి కదలికను పసిగట్టి అది తానే వెలుగును; ఆమె లేచినట్లు నా ఫోనుకు కబురును వచ్చును. గోడ తడుముకొను బాధ తప్పినది. ఇందుకు దేవునికి స్తోత్రము.

అయితే ఆ కబురు చూచి, అమ్మ క్షేమమే అనుకొని, నేను ఆమెతో మాటలాడుటయే తగ్గించితిని. ఒక ఆదివారము వెళ్లినప్పుడు ఆమె, "నాయనా, నేను లేస్తే దీపం వెలుగుతుంది గానీ, యెందుకు లేస్తివని అడగదు గదా" అనెను. మోకాళ్ల నొప్పిచేత నెల దినములుగా ఆమెకు నిద్ర లేదట! నేను సిగ్గుపడితిని.

ఏలీ కన్నులు మందగించిన దినములలో మందిరపు దీపము ఆరిపోలేదు. అయినను, ముసలివాడు పిలిచెననుకొని పరుగెత్తినది దీపము కాదు, బాలుడైన సమూయేలు.

వృద్ధుల సహాయమునకై 2021లో దేశమంతటికి ఏర్పడిన 14567 అను ఫోను నంబరును అమ్మ మంచము ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాసితిని. దానికి పైగా నా నంబరు వ్రాసితిని. ఇప్పుడు ప్రతి ఉదయమును నేనే పిలుచుచున్నాను.

ప్రియ చదువరీ, నీ తల్లి గదిలో దీపమున్నదా? మంచిదే. నీవు ఎక్కడ ఉన్నావు?