కథలలోని ఊళ్లు

ఇల్లు కట్టదలచినవాడు మొదట నేల చూచుకొనును; రాయి, సున్నము, కలప సమకూర్చుకొనును. కథ చెప్పువానికి ఇవేవియు అక్కరలేదు. "అనగనగా ఒక ఊరు" అనిన చాలును; ఆ మాటతోనే ఊరు లేచి నిలుచును. కోట కావలెనన్న కోట వచ్చును, ఏరు కావలెనన్న ఏరు పారును. వినుచున్న పిల్లవాడు కూర్చున్నచోటనే కూర్చుండి ఆ వీధులన్నియు తిరిగివచ్చును. వానికి బండి అక్కరలేదు, బాడుగ అక్కరలేదు.

అయినను మనుష్యునకు ఒక చిత్రమైన కోరిక కలదు. చెవితో విన్నదానిని కంటితో చూడవలెననియు, కాలితో ఆ నేల త్రొక్కవలెననియు అతడు ఉబలాటపడును. ఆ కోరికనుండి పుట్టినవే నేటి వినోదవనములు. వీనిని థీమ్ పార్కులందురు. రంగులరాట్నము, ఉయ్యాల, మిఠాయి అంగడి మన జాతరలలోను ఉన్నవి. థీమ్ పార్కులోని విశేషమేమనగా, అందలి ఒక్కొక్క ప్రదేశము ఒక్కొక్క కథకు చెందినట్లు తీర్చబడియుండును. గోడలు, దీపములు, అంగళ్లు, తినుబండారములు సైతము ఆ కథలోనివే. వాకిలి దాటినవాడు కథలో అడుగిడినట్లు భావింపవలెను. ఇట్టి నిర్మాణములకు అపారమైన ధనము వ్యయమగును. విశాలమైన భూమి పట్టును. కావున ఒక ప్రశ్న పుట్టుచున్నది. లోకమున గల వేలకొలది కథలలో దేనికి నేల ఈయదగును? దేనిని పుస్తకములోనే ఉండనీయవలెను?

"జనులు మిక్కిలి మెచ్చిన కథకు" అని వర్తకుడు వెంటనే చెప్పును. ఈ సమాధానము సులభమైనదేగాని సరియైనది కాదు. హరిశ్చంద్రుని కథకు కన్నీరు పెట్టనివారు అరుదు. కాని ఆ కాటిలో ఒక దినము గడపుటకు టిక్కెట్టు కొనువాడెవడు? కథ గొప్పదగుట వేరు, ఆ కథ జరిగిన చోటు మనుష్యుడు పోయి ఉండదగినదగుట వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు ఇంతకుముందు కట్టినవారి అనుభవమే మంచి గురువు.

నెదర్లాండ్సు దేశమున ఎఫ్టెలింగ్ అను వనము కలదు. అందులో 1952వ సంవత్సరమున ఒక కథారణ్యమును తెరచిరి. ఆంటన్ పీక్ అను చిత్రకారుడు దానికి రూపకల్పన చేసెను. చెట్ల నడుమ కాలిబాట సాగిపోవును. ఒక మలుపు తిరుగగానే ఒక కథ కనబడును. ఒకచోట దీర్ఘనిద్రలోనున్న రాజకుమారి. మరియొకచోట మెడను సాచి చుట్టును పరికించు పొడుగుమెడవాడు. వీరికంటె పిల్లలకు ప్రీతిపాత్రుడు ఇంకొకడు కలడు. వాడు పెద్ద బొజ్జతో, తెరచిన నోటితో కూర్చుండి, "కాగితములు ఇటు!" అని కేకలు వేయుచుండును. నిజమునకు వాడొక చెత్తబుట్ట. పిల్లలు నేలమీద పడియున్న కాగితములను ఏరి తెచ్చి వాని నోటిలో వేయుదురు. వాడు వారికి కృతజ్ఞత తెలుపును. చూడవచ్చిన పసివానికి ఆ లోకములో ఒక పని దొరకినది. ఆ పని వలన వాడు ఆ వనమునకు అతిథిగాక ఇంటివాడైనాడు.

మూడేండ్ల తరువాత, 1955వ సంవత్సరము జూలై 17వ తేదీన, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండును ప్రారంభించెను. అనహైమ్ అను పట్టణమున నారింజతోటలున్న నేలపై ఒక్క సంవత్సర కాలములో అది వెలసినది. 1937లో ఆయన నిర్మించిన స్నోవైట్ చిత్రము అప్పటికే లోకప్రసిద్ధమై యుండెను. కావున ఆ కథకు కూడ అందులో ఒక విహారమును ఏర్పరచిరి. చిన్న బండిలో కూర్చున్నవారు అడవిగుండ, గనిగుండ, మంత్రగత్తె యుండుచోటు గుండ పోవుదురు. అయితే అందులో స్నోవైట్ మాత్రము కనబడదు! బండిలో కూర్చున్నవారే స్నోవైట్ అని కట్టినవారి భావము. ఆమె చూచినదంతయు వీరు చూతురు. ఆమె పొందిన భయమంతయు వీరు పొందుదురు. ఊహ చక్కనిదే. కాని బండి దిగినవారిలో అనేకులు, "ఆ పిల్ల ఏదీ?" అని అడుగుచు వచ్చిరి. తుదకు 1983లో ఆ విహారమును తిరిగి దిద్దునప్పుడు ఆమె బొమ్మను అందులో చేర్చవలసి వచ్చెను.

ఈ చిన్న విషయములో పెద్ద నీతి కలదు. చూడవచ్చినవాడు కథానాయకుని వేషము ధరింపగోరడు. తాను తానుగనే ఉండి, ఆ ఊరిలో తానొకడు కాగోరును. కాబట్టి నాయకుడు పొలిమేర దాటిపోయిన తరువాత కూడ ఏ లోకములో అంగళ్లు తెరచియుండునో, పొయ్యిలు రాజుచుండునో, పిల్లలు బడికి పోవుచుందురో, ఆ లోకమే నేలపై కట్టదగినది. నాయకుడు లేనిచో శూన్యమగు లోకమును ఎంత ధనము పోసి కట్టినను అది గోడల వరుసయే యగును.

ఆంగ్లరచయిత్రి జె. కె. రౌలింగ్ హ్యారీ పాటర్ అను బాలుని గూర్చి వ్రాసిన కథలను ఈ గీటురాయిపై పరీక్షింపవచ్చును. 2010వ సంవత్సరము జూన్ 18వ తేదీన ఫ్లోరిడాలోని ఆర్లాండో నగరమున ఆ కథాలోకమునకు ఒక ప్రదేశము వెలసినది. కొండపై పాఠశాల, దాని దాపున హాగ్స్‌మీడ్ అను పల్లె, మంచు కప్పినట్లున్న కప్పులు, ఇరుకైన అంగళ్లు అచట కనబడును. ఆ పుస్తకములలో వీరులొక్కరే లేరు. మిఠాయి అమ్మువారు, ఉత్తరములు మోయు గుడ్లగూబలు, పాఠములు తప్పిపోవు విద్యార్థులు ఉన్నారు. అందుచేత వచ్చినవానికి ఎక్కడనో ఒకచోట చోటు దొరకును. మంత్రదండముల అంగడిలో కూడినవారిలోనుండి ఒకరిని పిలిచి, దండమే వారిని ఎన్నుకొనినట్లు నటింతురు. ఆ ఒకరు ఏ దూరదేశపు పసిబిడ్డయో కావచ్చును. ఆ క్షణమున ఆ బిడ్డ పేరు పుస్తకములో లేకున్నను కథలో చేరినట్లే.

2019లో "స్టార్ వార్స్" చిత్రములకు స్థలము కట్టినవారు ఈ సూత్రమును ఇంకను దూరము తీసికొనిపోయిరి. కాలిఫోర్నియాలోను, ఫ్లోరిడాలోను ఒక్కొక్కచోట దాదాపు 14 ఎకరముల మేర వారు కట్టినది చిత్రములలో ప్రసిద్ధికెక్కిన గ్రహము కాదు; బటూ అని క్రొత్తగా కల్పించిన గ్రహము. ఎరిగిన చోటైనచో అచట జరుగవలసినదంతయు ముందే జరిగిపోయినది. వచ్చినవాడు చూచి పోవలసినదే. ఎరుగని చోట వానికిని ఒక కథ మిగిలియుండును.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని వీనికన్నిటికి వెల కలదు. ఆ హ్యారీ పాటర్ లోకమునకే 2014లో రెండవ భాగమును ప్రక్క వనములో కట్టి, రెంటి నడుమ ఒక రైలు నడిపిరి. ఆ రైలెక్కవలెనన్న రెండు వనములకును చెల్లు టిక్కెట్టు ఉండితీరవలెను. 2022వ సంవత్సరము మార్చిలో ఫ్లోరిడాలో అంతరిక్షనౌకవంటి ఒక వసతిగృహమును తెరచిరి. అందులో ఇద్దరు రెండు రాత్రులు గడపుటకు 4,800 డాలర్లకు పైబడి వ్యయమగుచుండెను. అది 2023 సెప్టెంబరులో మూతపడినది. కథ అందరి సొత్తు. గ్రంథాలయములో అదే పుస్తకమును కలవారి బిడ్డయు చదువును, కూలివాని బిడ్డయు చదువును. ఆ కథకు ప్రహరి కట్టి వాకిట రుసుము పెట్టినప్పుడు, ఆ ఇద్దరు బిడ్డలలో ఒకడు బయట నిలిచిపోవును. కథాలోకమునకు నేల ఈయదలచినవారు ఈ రెండవ బిడ్డను మరువరాదు.

మరియొక భయమును కలదు. పదిమంది పిల్లలు ఒక కథ వినినచో పది కోటలు లేచును. ఒకని కోట నల్లరాతిది, ఒకని కోట బంకమట్టిది. నేలపై ఒక్క కోట కట్టిన తరువాత ఈ పదియు క్రమముగా మాసిపోయి, ఆ ఒక్కటియే అందరి కన్నులలోను నిలుచును. కావున కట్టువారు కొంత కట్టి, కొంత విడిచిపెట్టవలెను.

ఆ విడిచిపెట్టు విద్య జపానువారు బాగుగ నెరుగుదురు. ఆయిచి మండలమున 2022వ సంవత్సరము నవంబరు 1వ తేదీన జిబ్లీ పార్కు ప్రారంభమైనది. మనుష్యులను ఆకాశమునకెత్తి పడవేయు పెద్ద యంత్రములు అందులో లేవు. ఉన్న వృక్షములను కాపాడుచు, వాని నడుమ చోటు చూచుకొని నిర్మాణములు చేసిరి. 1988లో వెలువడిన "తొతోరో" చిత్రములో ఇద్దరు అక్కచెల్లెండ్రు నివసించిన పల్లెటూరి ఇల్లు అచట కలదు. అది 2005లో జరిగిన ప్రదర్శనకై కట్టినది. లోపల బట్టలు, గిన్నెలు, బల్లసొరుగులు అన్నియు ఆ కుటుంబము ఇప్పుడే బయటికి పోయినట్లుండును. ఆ అడవిభూతము ఇంటిలో లేదు. ఉన్నదో లేదో చెట్లవైపు చూచి ఎవరికి వారే ఊహించుకొనవలెను. ఫిన్లాండు దేశమున నాంతాలి పట్టణము దగ్గర ఒక చిన్న దీవిపై 1993లో మూమిన్ లోకము వెలసినది. తోవె యాన్సన్ అను రచయిత్రి కథలలోని నీలిరంగు ఇల్లు అచట నున్నది. ఆ కథలలో మూమిన్ల ఇంటి తలుపు అతిథులకు ఎల్లప్పుడు తెరచియుండును. అందుచేత పిల్లలు లోపలికి పోవుటయే అచటి వేడుక.

మన దేశమున అట్టి యోగ్యత గల లోకములు లేకపోలేదు. ఆర్. కె. నారాయణ్ 1935లో వెలువరించిన "స్వామి అండ్ ఫ్రెండ్స్" అను నవలలో మాల్గుడి అను ఊరు పుట్టెను. సరయూనది, బజారువీధి, కబీరువీధి, ఆల్బర్టు మిషన్ పాఠశాల ఆ ఊరిలో కలవు. అచట కోటలు లేవు, రాక్షసులు లేరు. లెక్కలకు జడిసిన బాలురు, క్రికెట్టు బంతికై ఆరాటపడు బాలురు ఉన్నారు. కర్ణాటకములోని అరసాళు అను చిన్న రైలుస్టేషనులో ఆ కథల దూరదర్శన ధారావాహికకు చిత్రీకరణ జరిగినది. 2020లో ఆ పాత కట్టడమును మాల్గుడి పేరిట ప్రదర్శనశాలగా మార్చిరి. ఊరంతయు కట్టకున్నను ఒక స్టేషను చాలును. తక్కిన వీధులు చదివినవాని మనస్సులో ఉన్నవి.

తెలుగునాట హైదరాబాదు చెంత రామోజీ ఫిల్మ్ సిటీలో, 2015, 2017 సంవత్సరములలో వచ్చిన "బాహుబలి" చిత్రములకై నిర్మించిన మాహిష్మతి కట్టడములను సందర్శకులకు చూపుచున్నారు. అవి చూపునకు ఘనమైనవి. కాని ఆ కథ రాజుల కథ. మాహిష్మతిలో కుమ్మరివీధి ఎచటనో, నీళ్లరేవు ఎచటనో ప్రేక్షకుడెరుగడు. అందుచేత వచ్చినవాడు తల పైకెత్తి చూచి, ఫొటో తీయించుకొని మరలిపోవును.

మాహిష్మతికి లేని చనవు కాశీమజిలీ కథలకు కలదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు వ్రాసిన ఆ కథలలో మణిసిద్ధుడు కాశికి పోవుచు, పశువులకాపరియగు ఒక బాలుని తోడు పిలుచును. మజిలీ మజిలీకి ఒక కథ చెప్పినగాని రానని ఆ బాలుడు పట్టుపట్టును. బసచేసిన ప్రతిచోట వాడు ఊరు చూడబోయి, ఏదో వింత చూచి పరుగున వచ్చి ప్రశ్నించును. గురువు దాని వెనుకటి కథ చెప్పును. వినోదవనమున కావలసినది ఇంతకంటె ఏమున్నది? ఒక బాట, బాట ప్రక్క చెట్లు, నడుమనడుమ సత్రములు, సత్రమునకొక వింత, అడిగినవానికి కథ చెప్పుటకొక పెద్దమనిషి ఉన్న చాలును. పెద్ద యంత్రములు అక్కరలేదు గనుక రుసుము స్వల్పమైనను సాగును. అచటికి వచ్చు పిల్లవాడు రాజకుమారుని వేషము వేయనక్కరలేదు. అడుగుటకు ఒక ప్రశ్న ఉన్నచో వాడే ఆ కథలోని పశువులకాపరి.

ఇట్టి బాట ఎప్పుడు వెలయునో ఎవరు చెప్పగలరు? వెలయువరకు కథలు చదువు పిల్లలకు చేయదగిన పని యొకటి కలదు. కథ ముగించిన వెంటనే ఒక కాగితము తీసికొని, ఆ ఊరి పటము గీయవలెను. ఏరు ఏ దిక్కున పారుచున్నది? బడి ఎచట? బావి ఎచట? క్రొత్తగా వచ్చిన బాటసారి రాత్రి ఎవరి అరుగుమీద పండుకొనును? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన కథ నేలకు తగిన కథ. ఆ ఊరికి మొదటి కాపురస్థుడు పటము గీసిన పిల్లవాడే. వానిని రుసుమడుగు వాకిలి లేదు.