ఆటకు మీడియం లేదు

మా ఆరంబాక్కం తమిళనాడు చివర ఉంది. పక్కనే తడ, అది ఆంధ్ర. శ్రీసిటీలోనూ, గుమ్మిడిపూండి సిప్కాట్‌లోనూ ఫ్యాక్టరీలు వచ్చినాక ఈ పక్క జనం పెరిగారు. ఖాళీ స్థలాల్లో ఇళ్లు లేస్తున్నాయి. ఇంక మేము ఆడుకొనేదానికి బడి గ్రౌండే దిక్కు.

తమిళ వక్తృత్వ పోటీలో తమిళ మీడియం వాళ్ల ముందు మాకు నోరు తడబడుతుంది. పరుగుపందెంలో అట్లా కాదు. విజిల్ ఊదినాక నీది ఏ మీడియం అని ఎవరూ అడగరు. బొమ్మ గీసినా, కోలాటం వేసినా అంతే.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం గెలిచింది. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. ఆమెలోని పరుగును మొదట చూసింది బడిలో పీటీ సారే.

"పదో తరగతిలో ఆటలెందుకు?" అంటుంది మాయమ్మ. పరీక్ష ముఖ్యమే, కాదనను. కానీ చాలాచోట్ల పీటీ, డ్రాయింగ్ పీరియడ్లలో లెక్కలే చేయిస్తారు. లెక్కలు రాత్రి ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేసుకోగలను. ఖోఖో ఒక్కదాన్నే ఆడలేను. దానికి జట్టుకు తొమ్మిదిమంది కావాలి. ఆ తొమ్మిదిమందీ దొరికేది బడిలోనే. పెద్దలు ఆ ఒక్క పీరియడ్ మాకు వదలాలి.