శుక్రవారం తర్వాత ఆదివారం

ఫిల్మ్‌నగర్‌లో మనిషి విలువ శుక్రవారం మ్యాట్నీకల్లా తేలిపోతుంది. హిట్టయితే ఫోను మోగుతూనే ఉంటుంది. కాకపోతే ఎదురుపడ్డవాళ్లు కూడా ఎటో చూస్తూ పోతారు. అలాంటి చోట రాజా హీరో అయ్యారు. 2002లో 'ఓ చినదానా'తో వచ్చారు. 2004 అక్టోబరు 15న 'ఆనంద్' విడుదలైంది. అదే రోజు చిరంజీవి 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' కూడా! అయినా చిన్న సినిమా నిలబడింది. రూప పక్కనే అద్దెకు దిగి, ఓపిగ్గా ఎదురుచూసిన ఆ కుర్రాణ్ని జనం ఇంట్లో మనిషే అనుకున్నారు.

సినిమావాళ్లకు దేవుడి వేషం కొత్త కాదు. 1978లో 'కరుణామయుడు'లో క్రీస్తుగా కనిపించిన విజయచందర్, తర్వాత సాయిబాబాగానూ మెప్పించారు. అది నటన, సాయంత్రానికి మేకప్ తీసేయొచ్చు. రాజా కొన్నేళ్లకు సినిమాలే వదిలి పాస్టరయ్యారు.

అందరూ వదిలి వెళ్లరు, వెళ్లనక్కర్లేదు కూడా. ముహూర్తం రోజు కొబ్బరికాయ కొడుతుంటే గౌరవంగా ఓ పక్కన నిలబడి, బ్రేక్‌లో ప్లేటు ముందు కళ్లు మూసుకునే లైట్‌మన్లూ, డాన్సర్లూ ఉన్నారు. ఆదివారం షూటింగ్ పడితే చర్చి పోతుంది, మానేస్తే బేటా పోతుంది. అంతకంటే కష్టం ఇంకోటుంది. చేతికొచ్చిన అవకాశాన్ని తన్నుకుపోయినవాడి కోసం ప్రార్థించాలి. శత్రువును ప్రేమించమన్నాడు కదా క్రీస్తు! మొదటిరోజు పెదవులే కదులుతాయి. కొన్నాళ్లకు వాడి పిల్లల పేర్లు కూడా ప్రార్థనలోకి వస్తాయి. ఆ తర్వాతెప్పుడో సెట్లో వాడు ఎదురైతే, "టీ తాగావా?" అని అడగడానికి నోరొస్తుంది.