కొయ్య పాతదేనా?

యానాం వాళ్ళం సెక్రటేరియట్‌లో పని పడితే పుదుచ్చేరి వెళ్ళక తప్పదు. మొన్న వెళ్ళినప్పుడు, మా పెదనాన్నగారి మండువా ఇల్లు పడగొట్టే మాట మనసులో మెదులుతుండగా, ఆనందరంగ పిళ్ళై ఇల్లు చూశాను. 1736 నుంచి 1761 దాకా దినచర్య రాసిన దుబాసీ ఆయన. మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చిందీ ఆయనకే. కింద మనవైపు తీరులో కొయ్య స్తంభాలు, పైన దొరల తరహా తెల్లని స్తంభాలు. రెండు తీర్లు కలిసినంత మాత్రాన ఆ ఇంటి విలువ తగ్గలేదు.

సముద్రపుటొడ్డున ఉన్న మునిసిపల్ భవనం సంగతి వేరు. 2014 నవంబరులో కూలిపోతే, పాత నమూనాలోనే కట్టి 2021లో ప్రారంభించారు. చూడముచ్చటగానే ఉంది. నా మనసు మాత్రం పిళ్ళై ఇంటివైపే మొగ్గింది.

మా ఇంట్లో వీధరుగు కొట్టేసి దుకాణం పెట్టారు. వంటింటి పెంకు తీసి శ్లాబు వేశారు. "ఇంకేం పాతది మిగిలిందిరా?" అంటాడు పెద్దన్నయ్య. ఊరు రాగానే టార్చి పట్టుకుని అటక ఎక్కి చూశాను. దూలాలు, వాసాలు అసలు టేకువే, చెద లేదు. మండువా చుట్టూ నాలుగు స్తంభాలూ కదల్లేదు. గోడలు సున్నంతో కట్టినవి. పైన సిమెంటు పూయడంతో లోపల చెమ్మ నిలిచింది. పూత గీకేస్తే ఆరుతుంది. శ్లాబు మాత్రం ఉండనీయండి, వదినగారికి అదే సుఖం!

కొనేవాళ్ళను దసరా దాకా ఆగమన్నాం. సున్నం పని తెలిసిన మేస్త్రి మీ ఎరికలో ఉంటే ఒక కబురు పెట్టండి.