తంగేడు పూసే వేళ చొప్పదండి

చొప్పదండి కరీంనగర్‌కు ఉత్తరాన, ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న చిన్న పట్టణం. మండల కేంద్రంగా ఉన్న ఈ ఊరు 2018లో పురపాలక సంఘమైంది. 2016లో జిల్లాలను విభజించాక దీని పేరుతో ఉన్న శాసనసభ నియోజకవర్గం కరీంనగర్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోకి పంచుకుపోయింది. జిల్లాలు వేరైనా చొప్పదండి, రామడుగు, గంగాధర, మల్యాల, కొడిమ్యాల, బోయినపల్లి మండలాల భూమి ఒక్క తీరుగానే ఉంటుంది: ఎర్రనేల, నల్లరేగడి కలగలిసిన చెలకలు, మధ్యలో బండరాళ్ళ గుట్టలు, గుట్టల కింద చెరువులు.

ఈ గుట్టల్లో ఒకదానికి తెలుగు భాష చరిత్రలోనే చోటుంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు శాసనం చెక్కించాడు. ఈయన కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలం నాటి ఆ శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉంది. అందులోని కంద పద్యాలు నన్నయ కంటే ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాల్లో ఈ శాసనమూ ఉంది. మూడు భాషలు ఒకే బండ మీద ఒదిగిన నేల ఇది.

చొప్పదండి అసలు రూపం చూడాలంటే భాద్రపదం చివర రావాలి. బీడు భూముల్లో తంగేడు పచ్చగా విరగబూస్తుంది. చేల గట్ల మీద గునుగు తెల్లగా తలలెత్తుతుంది. వానాకాలంలో నిండిన చెరువు మత్తడి దూకి అప్పుడే కాస్త నెమ్మదిస్తుంది. అంతకు ముందే, భాద్రపద బహుళంలో, పెళ్ళికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో అరుగులు కట్టి బొడ్డెమ్మ ఆడి ఉంటారు. పెత్రమాస నాడు పెద్దలను తలచుకుని బియ్యం ఇచ్చాక, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలవుతుంది. ఆ తర్వాత అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని పేర్చరు. ఏడో రోజు వేపకాయలు, ఎనిమిదో రోజు వెన్నముద్దలు, దుర్గాష్టమి నాడు సద్దులు. పొరుగున ఉన్న వేములవాడలో మాత్రం ఏడో రోజుకే సద్దుల బతుకమ్మ చేస్తారు.

బతుకమ్మ పేర్చడం ఓపిక కోరే పని. పూలు తేవడం మగవాళ్ళ వంతు. పొద్దున్నే సంచులు పట్టుకుని చెలకల వెంట పోయి తంగేడు, గునుగు కోసుకొస్తారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు గునుగు కాడలను ఒక్క కొలతకు కత్తిరించి, కట్టలు కట్టి, కొన్నింటిని రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. తాంబాళంలో గానీ వెదురు సిబ్బిలో గానీ గుమ్మడి ఆకులు పరిచి, వాటి మీద తంగేడు పూలు గుండ్రంగా పేరుస్తారు. ఆ మీద ఒక వరుస గునుగు, ఒక వరుస బంతి, ఒక వరుస కట్లపూలు. మధ్యలో ఖాళీని తుంచిన ఆకులతో, కాడలతో దట్టిస్తూ పోతారు. దట్టింపు గట్టిగా లేకపోతే చెరువుకు చేరేలోపే బతుకమ్మ ఒరిగిపోతుంది. శిఖరాన గుమ్మడి పువ్వు, దానిపై పసుపు గౌరమ్మ. పెద్ద బతుకమ్మకు తోడుగా ఒక పిల్ల బతుకమ్మ ఉండాల్సిందే.

తర్వాత వాకిట్లోనో గుడి ముందరో బతుకమ్మలను ఒక్కచోట పెట్టి, చుట్టూ వలయంగా తిరుగుతూ చప్పట్లతో పాడతారు. ఒకరు అందుకుంటే మిగిలినవాళ్ళు ‘ఉయ్యాలో’ అని గొంతు కలుపుతారు. ఆ పాటల్లో రామాయణం ఉంటుంది, అత్తింటి కష్టం ఉంటుంది, అన్నలు చెల్లెలిని తోలుకపోవడానికి వచ్చిన ముచ్చట ఉంటుంది. చీకటి పడేవేళకు చెరువులో బతుకమ్మలను సాగనంపి, గౌరమ్మ పసుపును చెంపలకు, పుస్తెలకు అద్దుకుంటారు. సద్దులనాడు పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వుల సద్దులు, మలీద ముద్దలు కట్ట మీదనే ఒకరికొకరు పంచుకుంటారు. ఇంటికి వచ్చిన ఆడబిడ్డ తల్లిగారింట్లో గడిపే రోజులు ఏడాదిలో ఇవే ఎక్కువ.

ఈ పండుగ పుట్టుక గురించి చాలా కథలున్నాయి. వేములవాడ మీద చోళులు దండెత్తి శివలింగాన్ని తంజావూరుకు తరలించారని, ఒంటరిదైన బృహదమ్మను ఊరడించడానికి ఇక్కడి జనం పూలను కొండలా పేర్చారని చెప్పే కథ ఈ ప్రాంతంలో బాగా వినిపిస్తుంది. దాన్ని జనం చెప్పుకునే కథగానే చూడాలి. పండుగ నడకను బట్టి చూస్తే కథకన్నా నేలే ఎక్కువ చెబుతుంది. ఎవరూ నాటని పూలు, వానతో నిండిన చెరువు, పంటకు ముందటి విరామం కలిసి వచ్చే కొద్ది రోజుల వేడుక ఇది.

మలయాళీల ఓణం దీనికి దగ్గరి చుట్టం. ఓణం సౌరమానం ప్రకారం చింగం మాసంలో వస్తుంది, బతుకమ్మ చాంద్రమానం ప్రకారం నడుస్తుంది. అందుకే రెంటి మధ్య దూరం ఏటా మారుతుంది. 2025లో తిరువోణం సెప్టెంబరు 5న వస్తే, ఎంగిలిపూల బతుకమ్మ 21న వచ్చింది. అత్తం నక్షత్రం నాడు మొదలుపెట్టి తిరువోణం దాకా పది రోజులు మలయాళీలు ముంగిట్లో పూలతో ముగ్గు వేస్తారు. దాన్ని పూక్కళం అంటారు. మొదటి రోజు చిన్న వలయం, రోజురోజుకూ ఒక్కో వరుస పెరుగుతుంది. వాళ్ళకు ముఖ్యమైన పువ్వు తుంబ. అదే ఇక్కడి తుమ్మి. చొప్పదండి ఇళ్ళల్లో వినాయక చవితి నాడు కూర వండుకునే తుమ్మి, పెరియార్ ఒడ్డున మహాబలికి స్వాగతం పలుకుతుంది. పాతాళం నుంచి ఏడాదికొకసారి తన ప్రజలను చూడ్డానికి వచ్చే చక్రవర్తి కథ ఓణానికి ఆధారం. వామనుడి గుడి ఉన్న తృక్కాకర పేరుతో మట్టితో తృక్కాకర అప్పన్‌ను చేసి పూజిస్తారు. అరటి ఆకులో ఇరవైకి పైగా పదార్థాలతో సద్య వడ్డిస్తారు. స్త్రీలు దీపం చుట్టూ తిరుగుతూ చప్పట్లతో ఆడే కైకొట్టిక్కళి చూస్తే బతుకమ్మ ఎరిగినవాళ్ళకు కొత్తగా అనిపించదు.

తేడా కూడా అంతే స్పష్టం. పూక్కళం నేల మీద పరుచుకుంటుంది, బతుకమ్మ పైకి లేస్తుంది. ఓణం రాజును ఇంటికి పిలుస్తుంది, బతుకమ్మ గౌరమ్మను నీటికి పంపుతుంది. ఓణానికి పులికళి, పడవ పందేల వంటి మగవాళ్ళ వేడుకలు తోడున్నాయి. బతుకమ్మలో ఆట, పాట అచ్చంగా ఆడవాళ్ళవే. రెండింటికీ ప్రభుత్వ గుర్తింపు వేర్వేరు కాలాల్లో వచ్చింది: ఓణం 1961లో కేరళ రాష్ట్ర పండుగ అయితే, బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. అదే ఏడు తంగేడు రాష్ట్ర పుష్పమైంది.

ఈ రెండు ప్రాంతాలను కలిపే దారులు పుస్తకాల్లోవి కావు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన నవోదయ విద్యాలయం చొప్పదండిలోనే ఉంది. నవోదయల పాలనలో కేరళ కూడా హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం కిందికే వస్తుంది కాబట్టి, అక్కడి ఉపాధ్యాయులు ఇక్కడికీ, ఇక్కడివాళ్ళు అక్కడికీ బదిలీ కాగలరు. గోదావరి అవతల మంచిర్యాల కేంద్రంగా 1999లో కేరళకు చెందిన సీరో మలబార్ సంప్రదాయపు ఆదిలాబాద్ క్రైస్తవ పీఠం ఏర్పడింది. అన్నిటికన్నా పెద్ద దారి గల్ఫ్. మలయాళీల్లాగే ఉత్తర తెలంగాణ యువకులూ దుబాయి, మస్కట్ దారి పట్టారు. పండుగ నాడు పూలు తేవాల్సిన మనిషి ఎడారిలో ఉంటే, అతని భార్య అంగట్లో పూలు కొని బతుకమ్మ పేర్చే ఇళ్ళు ఈ మండలాల్లో తక్కువేమీ కాదు. 2021 అక్టోబరులో దుబాయి బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ బొమ్మను ప్రదర్శించినప్పుడు, దాన్ని చూసి ఎక్కువ పొంగిపోయింది ఆ నగరంలో ఇటుక మోసే చేతులే అనుకోవాలి.

పూలు కొనుక్కోవాల్సి రావడానికి వలస ఒక్కటే కారణం కాదు. పోచంపాడు దగ్గర 1963లో పునాది పడ్డ శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ఈ చెలకలకు నీళ్ళు తెచ్చింది. 2019లో రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూగర్భంలో కట్టిన గాయత్రి పంప్‌హౌస్ 139 మెగావాట్ల భారీ పంపులతో గోదావరి నీటిని పైకెత్తింది. నీళ్ళు రావడం ఈ రైతుకు గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ గునుగు మెట్టచేల కలుపు మొక్క. ఊరి పేరులోనే చొప్ప ఉన్న ఈ నేల మీద జొన్న తగ్గి, వరి పెరిగి, గట్లు సన్నబడి, మిగిలిన గట్ల మీద గడ్డిమందు పడడంతో గునుగుకు నిలవడానికి చోటు తగ్గింది. బీళ్ళు ప్లాట్లుగా మారినచోట తంగేడు మాయమైంది. కేరళకు ఇది ముందే అనుభవం: అక్కడి పూక్కళాలకు కావలసిన బంతిపూలు ఇప్పుడు కర్ణాటకలోని గుండ్లుపేట, తమిళనాడులోని తోవాళ నుంచి లారీల్లో వస్తున్నాయి. అంగడి బంతితో బతుకమ్మ పేర్చవచ్చు. కానీ తంగేడు లేని బతుకమ్మను చొప్పదండి ముసలవ్వలు బతుకమ్మగా ఒప్పుకోరు. వాళ్ళ మాటే సరైనది.

కాబట్టి ఈ ఆరు మండలాల రైతులు చేయగలిగిన పని ఒకటుంది: వినాయక చవితి నుంచి పెత్రమాస దాకా, గునుగు మొలిచే గట్ల మీద గడ్డిమందు కొట్టకుండా ఆగాలి.