దూరపు మాట – దగ్గరి దోషము

ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని మా ప్రాంతమున పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము మొదలు కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండియున్న యీ తీరభూమిని చూచినవారు ఆ మాటను కాదనజాలరు. అయినను తోట యెంత పచ్చగా నున్నను ఇంటిల్లిపాదికి పని చూపలేదు. అందుచేత మా పడుచువారు హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, గల్ఫు దేశములకును పనులకై పోవుచున్నారు. ఊరిలో మిగులువారు వృద్ధులు, స్త్రీలు, చదువుకొను పిల్లలు. కావున మా యిండ్లలో సాయంకాలపు ఫోను సంభాషణము వినోదము కాదు; దానిమీదనే సంసారము నడచుచున్నది. కౌలు మాట, చీటీ డబ్బు, పెండ్లి సంబంధము, ఆసుపత్రి కబురు, అన్నియు ఆ త్రోవనే రావలెను, పోవలెను.

అట్టి మాట నడుమ తెగిపోవుచున్నపుడు దోష మెక్కడ నున్నదో యెట్లు కనిపెట్టవలెను? ఈ సంవత్సరము మేము మా యింట చేసిన పరీక్షలు తోడి విద్యార్థుల కుపయోగపడునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

మా తాతగారు మూత్రపిండముల వ్యాధి గలవారు. ఈ వ్యాధి ఉద్దానమునకు క్రొత్తది కాదు; దీని మూలకారణమును శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగ తేల్చలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడెను. హిరమండలము జలాశయమునుండి ఉద్దానపు గ్రామములకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి. తాతగారు వారమునకు మూడు మారులు డయాలసిసు చేయించుకొనుచున్నారు. సూదులు పెట్టు చేతితో బరువు పట్టరాదు. చెవియు కొంత మందము. అందుచేత ఫోను చేతికీయక, మా అక్క చదువునకై కొన్న లాప్‌టాపును మంచము ప్రక్కన ముక్కాలిపీటపై నుంచి, ఇంటి వైఫై ద్వారా కువైటులో నున్న మా చిన్నాన్నగారితో మాటలాడింతుము. తెర పెద్దది, కొడుకు ముఖము తండ్రికి స్పష్టముగ కనబడును.

గడచిన వేసవిలో తాతగారి చేతి రక్తనాళము మూసికొనిపోగా, రెండవ చేతికి చిన్న శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. భయము లేదనియు, కొడుకు రానక్కరలేదనియు వైద్యులు చెప్పిరి. ఆ సాయంకాలము నాయనమ్మ కంప్యూటరు ముందు కూర్చుండి, "ఒరే బాబూ, డాట్రుగారు బయం లేదన్నారు. నువ్వు రావొద్దు" అని చెప్పెను. చిన్నాన్నగారి చెవిని పడినది "రావొచ్చు" అను మాట. తెలుగున కాదను మాట క్రియకు చివర నుండును. ద్దు అను నొక్క అక్షరము జారి చ్చు అని వినబడెనేని, వద్దన్నది రమ్మన్నట్లగును. రెండేండ్ల కొక్కసారి లభించు సెలవును ఆయన ఆ రాత్రియే అడిగిరి. మరునాడు అక్క వ్రాసిన సందేశము చూచి ఆ సెలవును నిలిపివేసికొనిరి. తండ్రికి నిజముగ అవసరము వచ్చునాటికై దాచుకొన్న సెలవు అది. ఆ వారమే మేము పరీక్షలు మొదలిడితిమి.

ముందుగా ఈ యంత్రము మాట నెట్లు మోయునో తెలిసికొనవలెను. కంప్యూటరు మన కంఠధ్వనిని సన్నని ముక్కలుగ కోయును. సాధారణముగ ఒక్కొక్క ముక్క 20 మిల్లీసెకనుల నిడివి గలది. అనగా సెకనునకు 50 ముక్కలు. ప్రతి ముక్కను ఒక పొట్లముగ కట్టి, చిరునామా వ్రాసి పంపును. నడుమ నొక పొట్లము పోయినచో, ఆవలి యంత్రము ముందటి ధ్వనినిబట్టి ఊహించి లోటు పూడ్చును, చెవికి తెలియదు. వరుసగా పది పోయినచో ఊహ చాలదు. ఒక అక్షరము నిండుగ మాయమగును.

"సినిమా చక్కగా వచ్చుచున్నదే, మాట మాత్రమేల తెగును?" అని మా వీధివారందరు నడుగుచుందురు. సినిమాను యంత్రము కొంత ముందుగ తెచ్చి నిలువ చేసికొని చూపును. పోయిన ముక్కను మరల అడిగి తెప్పించుకొనును. మాట కట్టి వీలు లేదు. ఇప్పుడు పలికినది ఇప్పుడే చేరవలెను. ఆలస్యముగ వచ్చిన పొట్లము రానిదానితో సమానము. కావున సినిమా బాగుగ వచ్చుట మాట బాగుగ పోవుటకు సాక్ష్యము కానేరదు.

దూరమే దీనికి కారణమని మరికొందరందురు. అదియు లెక్కకు నిలువదు. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. కువైటు మనకు సుమారు 4,000 కిలోమీటర్ల దూరము. తీగ వంకరత్రోవ పోయి ఆ దూరము రెండింతలైనదనుకొన్నను, పట్టు కాలము 40 మిల్లీసెకనులు. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకనులు దాటకున్నచో సంభాషణమునకు సామాన్యముగ ఇబ్బంది యుండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము సూచించియున్నది. సముద్రము దాటివచ్చిన మాట, వాకిటినుండి వసారాకు వచ్చులోపల చెడుట కవకాశము కలదని యీ లెక్కవలన మాకు తోచినది.

ఇక పరీక్షలకు మేము పెట్టుకొన్న నియమ మొక్కటి: ఒక్కమారున ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని మార్చినచో దేనివలన గుణము కలిగినదో తెలియదు.

మొదటి పరీక్ష: ఎవరి మాట ఎవరికి తెగుచున్నది? చిన్నాన్నగారి మాట మాకు చక్కగా వినబడుచుండెను. మా మాటయే ఆయనకు ముక్కలుగ పోవుచుండెను. కావున దోషము మానుండి పైకి పోవు త్రోవలో నున్నది.

రెండవ పరీక్ష: వైఫై లేకుండ, సెల్లు ఫోనులోని డేటాతో ఆయనను పిలిచితిమి. మాట స్పష్టముగ పోయెను. ఆయన యింటను, ఆయన ఫోనునను దోషము లేదు.

మూడవ పరీక్ష: లాప్‌టాపును రౌటరు నొద్దకు తీసికొనిపోయి, తీగతో రెండింటిని కలిపి మాటలాడితిమి. అప్పుడును స్పష్టముగనే యుండెను. దీనితో వీధి స్తంభమునుండి వచ్చు ఫైబరు తీగయు నిర్దోషియని తేలినది. మిగిలినది రౌటరునకును లాప్‌టాపునకును నడుమ గాలిలో నున్న త్రోవ మాత్రమే. అది ముప్పది అడుగులైనను లేదు.

నాలుగవది కొలత. కంప్యూటరులో పింగ్ అను ఆజ్ఞ కలదు. రౌటరునకు అంటించిన చీటీపై దాని చిరునామా యుండును. ఆ చిరునామాతో ఆ యాజ్ఞ నిచ్చినచో, పోయిన పిలుపునకు ఎంతసేపటికి బదులు వచ్చినదో వరుసగా తెరపై కనబడును. రౌటరు నెదుట అన్ని బదులులును రెండు మూడు మిల్లీసెకనులలో వచ్చినవి. తాతగారి మంచము నొద్ద కొన్ని మూడింటను, కొన్ని రెండు మూడు వందలకును వచ్చినవి; కొన్ని రానేలేదు. ఈ అంకెలను చూచిన పిమ్మట ఇంటిలో వాదము లుడిగినవి.

మా యిల్లు పాత పెంకుటిల్లు. ముందు మాత్రము సిమెంటు గది కట్టిరి. రౌటరును బిగించినవారు దానిని ఆ గదిలో, టీవీ వెనుక, ఇనుప బీరువా ప్రక్కన నుంచి పోయిరి. తాతగారి మంచము వెనుక వసారాలో. రెండింటికి నడుమ బీరువా, ఇనుపకమ్మీలుగల గోడ, దానినానుకొని వరుసగ పేర్చిన త్రాగునీటి డబ్బాలు. వైఫై తరంగములను లోహము త్రిప్పికొట్టును, నీరు పీల్చుకొనును. రౌటరునకు గొంతు గట్టిది, లాప్‌టాపునకు సన్నది. సంతలో గట్టి గొంతువాని కేక మనకు వినబడును, మన సన్నని మాట అతనికి చేరదు. వారి మాట వచ్చుచు, మా మాట పోకుండుటకు హేతువు మా కిట్లు బోధపడినది.

రౌటరును అచ్చటనుండి తీసి, రెండు గదుల నడిమి ద్వారబంధము మీద ఎత్తుగ బిగించితిమి. నీటి డబ్బాలను వంటయింటికి మార్చితిమి. బదులు రాని పిలుపులు చాలవరకు తగ్గెను. అయినను పూర్తిగ పోలేదు. అప్పుడు ఇరుగుపొరుగు వారి రౌటరులను గూర్చి విచారించితిమి. వైఫైలో ఒక్క మార్గమున ఒక్కమారున ఒక్కరే పలుకవలెను, తక్కినవారు ఆగవలెను. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో ఒకదానికొకటి అడ్డుపడని మార్గములు 1, 6, 11 అను మూడే. ప్రక్క రెండిండ్లవారును మేమును 6వ మార్గముననే యుంటిమి. మేము 11వ దానికి మారితిమి. 5 గిగాహెర్ట్జుల పట్టీలో రద్దీ తక్కువ, వేగ మెక్కువ. కాని దాని తరంగములు గోడలను అంతగ దాటలేవు. కావున దానిని అదే గదిలో కూర్చుండువారు వాడుకొనుట మేలు.

ఇంకొకటి మిగిలినది. రాత్రి ఎనిమిది గంటలకు మాట మరల చెడుచుండెను. అక్క ఫోనులోని బొమ్మలును వీడియోలును ఆ వేళనే తమంతట తాము దూరపు నిలువకు పోవుచుండెనని కనుగొంటిమి. రైలు గేటు నొద్ద జీడిపిక్కల లారీలు వరుసగ నిలిచినపుడు సైకిలుపై మందు తెచ్చువాడు వెనుక చిక్కుకొన్నట్లు, ఆ పెద్ద పొట్లముల వెనుక చిన్న మాట పొట్లములు నిలిచిపోవుచుండెను. మాటలాడు వేళ ఆ పనిని ఆపుమని ఏర్పరచితిమి. అంతటితో మాట నిలిచినది.

తక్కిన యిండ్లలో తక్కిన దోషము లుండవచ్చును. తాము పలికిన మాట తమకే మారుమ్రోగినచో, ఆవలివారి స్పీకరు ధ్వని వారి మైకులో పడుచున్నదని గ్రహింపవలెను. వారు చెవిగొట్టములు పెట్టుకొన్నచో పోవును. అవి తీగగలవైన మేలు. బ్లూటూతువి వైఫై యొక్క 2.4 పట్టీలోనే పలుకును. అసలు ధ్వనియే పోనిచో, మైకు వాడుటకు కంప్యూటరులో అనుమతి యున్నదో లేదో చూడవలెను. పిలుపే కలియనిచో ఆ దేశపు నిబంధనలను విచారింపవలెను. అరబ్బు ఎమిరేట్లలో ప్రభుత్వానుమతి గల యాపులతోనే యిట్టి సంభాషణము సాగును. దానికై ఇంట రౌటరును మార్చుట వ్యర్థము.

విద్యుత్తు సంగతియు మరువరాదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటినపుడు స్తంభములు కూలి మా యూళ్ళు దినములతరబడి చీకటిలో నుండెను. దీపము పోయిన వైఫైయును పోవును. రౌటరునకు చిన్న బ్యాటరీ నమర్చుకొనుటయు, మాట తెగినవేళ ఏ ఫోనుతో పిలువవలెనో ముందుగనే అనుకొనియుండుటయు అవసరము.

యంత్రమును చక్కబరచిన పిదపను మా యింట రెండు నియమములు పెట్టుకొంటిమి. వైద్యుల మాట ఏదైనను వినినవారు తిరిగి చెప్పవలెను. వద్దను సంగతిని ఒక్క క్రియతో ముగింపక, "రావొద్దు, అక్కడే ఉండు" అని రెండు విధముల చెప్పవలెను. ఒక అక్షరము పోయినను రెండవ మాట దానిని కాపాడును. నాయనమ్మకు ఈ నియమము వెంటనే నచ్చినది.

ఆమెకు మరియొక మేలును కలిగినది. పూర్వము బదులు ఆలస్యముగ వచ్చినపుడెల్ల, "ఏట్రా, పలకవేటి? కోపమా?" అని అడుగుచు, తరువాత చాలసేపు ఊరకుండెడిది. ఆలస్యము యంత్రమునదని తెలియనివారికి అది మనస్సునదని తోచును. చిన్నాన్నగారును తల్లి తన మాట కడ్డు వచ్చుచున్నదని అప్పుడప్పుడు విసుగుకొనెడివారు. ఇరువురిలో ఎవరికిని కోపము లేదు. నడుమ ఒక ఇనుప బీరువా యుండెను.

సహాధ్యాయులారా, మన వీధులలో ఇట్టి యిండ్లు పెక్కులు గలవు. సెలవులలో మీ పొరుగింటి అవ్వ, కొడుకు మాట తెగుచున్నదని చెప్పినచో, ఒక తీగను తీసికొనిపోయి ఆ మూడవ పరీక్షను చేసి చూడుడు. పావుగంట పని. దోష మింటిలో నున్నదో, వెలుపల నున్నదో తేలును. వెలుపల నున్నచో ఫిర్యాదు వ్రాసి పెట్టుడు. ఇంటిలో నున్నచో రౌటరు నెత్తి మంచి చోట నుంచుడు. అటుపిమ్మట అవ్వను మాటలాడనిచ్చి, మీరు వాకిట నిలిచి యుండుడు.